పెద్ద టైరు వేస్తే డీజిల్ మిగులుతుందా?

పలమనేరు (మా గ్రామీణ విలేకరి)

పలమనేరు, వి.కోట, కుప్పం ప్రాంతాల్లో ఇవాళ పికప్ బండి రాని ఊరు వెతికినా కనబడదు. ఎద్దుల బండి మూలన పడింది. ట్రాక్టరు దుక్కికీ ఇసుకకూ సరిపోతోంది. టమోటా బాక్సులు మండీకి చేరాలన్నా, మామిడికాయలు బెంగళూరు పోవాలన్నా, పెళ్ళికి షామియానా సామాను రావాలన్నా పికప్పే దిక్కు. 2005లో టాటా వారు రెండు సిలిండర్ల, 702 సీసీ ఇంజను గల ఏస్ బండిని తెచ్చాక చిన్న సరుకు బండి పల్లె గడప తొక్కింది. తరువాత అంతకన్నా పెద్ద పికప్పులూ వచ్చాయి. వాటిని కొన్నవారిలో చాలామంది పొలం మీద బతుకు సాగక అప్పు చేసి స్టీరింగు పట్టిన మన ఊరి కుర్రవాళ్ళే.

ఆ కుర్రవాళ్ళకు ప్రతి నెలా తప్పనివి రెండు. ఒకటి ఫైనాన్సు వారి కంతు, రెండోది డీజిల్. కంతు తగ్గించమంటే ఫైనాన్సు వారు వినరు. అందుచేత అందరి చూపూ డీజిల్ మీదనే ఉంటుంది. లీటరు వంద రూపాయల చేరువకు వచ్చాక ఆ చూపు మరీ ఎక్కువైంది.

ఇక్కడే పంచరు షాపుల్లో, టీ బంకుల దగ్గర సలహాలు మొదలవుతాయి. "వెనకాల పెద్ద టైర్లు వెయ్యన్నా, ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది, డీజిల్ మిగులుతుంది" అని ఒకరు. "పెద్ద టైర్లు వేశాక నా బండి మైలేజీ చచ్చిపోయింది" అని మరొకరు. "టైరు కాదు, హౌసింగులో క్రౌను పినియను మార్పించు" అని ఇంకొకరు. ముగ్గురూ తమ అనుభవమే చెబుతున్నారు. ముగ్గురూ మీటరు చూసే చెబుతున్నారు. అయినా ఒకరి మాట ఒకరికి పొసగడం లేదు.

కారణం ఒక్కటే. బండికి టైరు, గేరు అనేవి జోడెద్దుల వంటివి. ఒకదాన్ని మారిస్తే రెండోదాని పని మారిపోతుంది. దాంతో పాటు మీటరు చెప్పే లెక్కా మారిపోతుంది. ఈ సంగతి తెలియకుండా టైర్ల మీదా క్రౌను మీదా వేలకు వేలు పోయడం తగదు. తెలియజెప్పవలసిన వారు చెప్పకుండా ఊరుకోవడం అంతకన్నా తగదు.

టైరు మీద అంకెలు

ముందుగా టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదవడం నేర్చుకోవాలి. ఉదాహరణకు 215/75 ఆర్ 15 అని ఉందనుకుందాం. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 పాళ్ళు టైరు గోడ ఎత్తు. 15 అంటే డిస్కు అడ్డుకొలత, అంగుళాలలో.

ఇప్పుడు కూడిక వేయండి. 15 అంగుళాల డిస్కు 381 మిల్లీమీటర్లు. గోడ ఎత్తు 161. గోడ పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కనుక రెండు మార్లు కలపాలి. మొత్తం చక్రం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. అది ఒక చుట్టు తిరిగితే బండి 2 మీటర్ల 21 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కిలోమీటరుకు సుమారు 452 చుట్లు.

దాన్ని తీసి 235/75 ఆర్ 15 వేశామనుకోండి. గోడ ఎత్తు 176 అవుతుంది. చక్రం ఎత్తు 733. ఒక చుట్టుకు 2 మీటర్ల 30 సెంటీమీటర్లు. కిలోమీటరుకు 434 చుట్లే. అంటే చక్రం 30 మిల్లీమీటర్లు, నూటికి నాలుగు పాళ్ళకు కాస్త పైగా పెరిగింది. కంటికి పెద్దగా ఆనదు. కాని దీని ప్రభావం మీటరు నుంచి బ్రేకు దాకా ప్రతిదాని మీదా పడుతుంది.

కొన్ని పికప్పులకు 7.00 ఆర్ 15 అని పాత పద్ధతి అంకెలు ఉంటాయి. అక్కడ 7.00 అంటే అంగుళాల వెడల్పు. గోడ ఎత్తు పాళ్ళు విడిగా రాయరు. అటువంటి వాటికి కాగితం మీద లెక్క కన్నా సుద్దముక్క లెక్క మేలు. ఎప్పుడూ వేసే లోడు వేసి, సరిగ్గా గాలి పట్టించి, చదునైన నేల మీద టైరుకూ నేలకూ ఒక గీత గీయండి. చక్రం పది చుట్లు తిరిగేదాకా బండిని మెల్లగా నడిపి, టేపుతో కొలిచి పదితో భాగించండి. లోడు మీద టైరు కొంచెం నలుగుతుంది కనుక ఈ కొలత పై లెక్క కన్నా కాస్త తక్కువ వస్తుంది. అదే అసలైన కొలత.

మీటరు తప్పు చూపే తీరు

కిలోమీటర్ల మీటరు రోడ్డును కొలవదు. చక్రమో, గేరు బాక్సు నుంచి వెళ్ళే షాఫ్టో ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. ఒక చుట్టుకు ఇంత దూరం అని కంపెనీ వారు ముందే కట్టిపెట్టారు. మీరు టైరు మార్చిన సంగతి దానికి తెలియదు.

కంపెనీ టైర్లతో బండి లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. 300 కిలోమీటర్లకు 23 లీటర్లు పట్టింది. ఇప్పుడు 235 టైర్లు వేశారు. అదే 300 కిలోమీటర్ల రోడ్డు, అదే 23 లీటర్లు. కాని చక్రం తక్కువ చుట్లు తిరిగింది గనుక మీటరు 288 మాత్రమే చూపుతుంది. భాగిస్తే లీటరుకు 12.5 వస్తుంది. నిజానికి నష్టమేమీ లేకపోయినా "మైలేజీ చచ్చిపోయింది" అని మనవాడు గుండె బాదుకుంటాడు.

చిన్న టైరు సంగతి దీనికి తలకిందులు. 195/80 ఆర్ 15 చక్రం ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215 టైర్లకు కట్టిన మీటరు ఉన్న బండికి వీటిని వేస్తే 300 కిలోమీటర్ల రోడ్డును మీటరు 304 పైచిలుకు చూపుతుంది. డీజిల్ కొద్దిగా ఎక్కువ తాగినా మీటరు కాపాడేస్తుంది. యజమానికి నష్టం కనబడదు.

టైరు అరగడం కూడా ఇటువంటిదే. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు ఉండి, అరిగి 2కు వచ్చిందంటే చక్రం ఎత్తు 12 మిల్లీమీటర్లు తగ్గినట్టు. అంటే నూటికి ఒకటిన్నర పాళ్ళ పైనే. అరిగిన టైరు మీద మీటరు ఎక్కువ చూపుతుంది, కొత్త టైరు వేయగానే తక్కువ చూపుతుంది. కొత్త టైర్లు వేసిన వారంలోనే "మైలేజీ తగ్గింది" అని మెకానిక్కు దగ్గరకు పరుగెత్తేవారు ఈ సంగతి గమనించాలి. అలాగని అరిగిన టైర్లతోనే తిరగమని కాదు. వానలో ఘాటు దిగేటప్పుడు ఆ గాడే ప్రాణం నిలబెడుతుంది.

కనుక టైరు మార్చాక ముందు మీటరును పరీక్షించాలి. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళు చూస్తూ 20 కిలోమీటర్లు నడపండి. రాళ్ళు 20 చెప్పినప్పుడు మీటరు ఎంత చెప్పిందో రాసుకోండి. చేతిలో ఫోనుంటే అందులోని మ్యాపు కూడా దూరం చెబుతుంది. తరువాత ఒకే బంకులో ట్యాంకు నింపి, మూడు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అదే బంకులో నింపి, పట్టిన లీటర్లతో అసలు దూరాన్ని భాగించాలి. ఈ లెక్క లేకుండా చెప్పే మైలేజీ మాట ఎవరిదైనా నమ్మదగింది కాదు.

క్రౌను, పినియను

ఇక గేరు సంగతి. గేరు బాక్సులో ఉన్నవి కాక, వెనక ఇరుసు మధ్య గుండ్రటి హౌసింగులో మరో గేరు ఉంటుంది. చిన్న పళ్ళచక్రం పినియను, దాన్ని కరచుకుని తిరిగే పెద్ద పళ్ళచక్రం క్రౌను. క్రౌనుకు 41 పళ్ళు, పినియనుకు 10 పళ్ళు ఉంటే నిష్పత్తి 4.1. అంటే షాఫ్టు నాలుగు చుట్లకు పైగా తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పినియనుకు 11 పళ్ళుంటే నిష్పత్తి 3.73కు దిగుతుంది.

సైకిలు తొక్కినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వెనక చిన్న పళ్ళచక్రం ఉన్న సైకిలు చదునులో గాలిలా పోతుంది, తొక్కేది కొంచెమే. అదే సైకిలు మీద వడ్ల మూట వేసుకుని ఎక్కుడు ఎక్కమంటే కాళ్ళు మొరాయిస్తాయి. వెనక పెద్ద పళ్ళచక్రం ఉంటే ఎక్కుడు సులువు, చదునులో మాత్రం ఊరికే తొక్కుతూ ఉండాలి.

బండిలోనూ అంతే. 703 మిల్లీమీటర్ల చక్రంతో, ఇంజనూ షాఫ్టూ సమానంగా తిరిగే గేరులో గంటకు 60 కిలోమీటర్లు పోతున్నామనుకుందాం. నిమిషానికి కిలోమీటరు, అంటే చక్రం నిమిషానికి 452 చుట్లు. క్రౌను 4.1 అయితే ఇంజను నిమిషానికి సుమారు 1,855 చుట్లు తిరగాలి. 3.73 అయితే 1,690 చాలు. క్రౌను 4.1 ఉంచి 235 టైరు వేస్తే 1,780. అంటే పెద్ద టైరు వేయడం, క్రౌను నిష్పత్తి తగ్గించడం ఒకే దారిలో చేసే రెండు పనులు. రెండూ ఇంజను చుట్లను తగ్గించేవే.

చుట్లు తగ్గితే డీజిల్ మిగలాలి కదా అంటారు. మిగులుతుంది, కాని చుట్లు తగ్గినంతగా కాదు. ఇంజను తిరిగే ప్రతి చుట్టుకూ లోపలి రాపిడికీ, నీటి పంపుకూ కొంత డీజిల్ పోతుంది. చుట్లు తగ్గితే ఆ భాగం తగ్గుతుంది. బరువును లాగడానికీ గాలిని చీల్చడానికీ పోయే భాగం మాత్రం అలాగే ఉంటుంది. నాలుగు వరుసల రోడ్డు మీద, చదునులో, తక్కువ లోడుతో, ఒకే వేగంతో పోయే బండికి ఈ లాభం నిజమే. పెద్ద టైరు వాళ్ళు చెప్పేది అంతవరకు ఒప్పుకోవలసిందే. మట్టి బాటలో హౌసింగు రాళ్ళకు తగలకుండా బండి కాస్త ఎత్తు పెరుగుతుందన్నదీ నిజమే. కాని మన బళ్ళు తిరిగేది అటువంటి రోడ్డు మీదేనా?

ఘాటు దగ్గర తేలే లెక్క

బంగారుపాళ్యం వైపు నుంచి మామిడి లోడుతో బెంగళూరు పోవాలంటే మొగిలి ఘాటు ఎక్కాలి. 4.1 నుంచి 3.73కు క్రౌను మార్చిన బండికి ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గుతుంది. 235 టైరు వేసిన బండికి నాలుగు పాళ్ళు తగ్గుతుంది. రెండూ చేస్తే పదమూడు పాళ్ళ దాకా పోతుంది.

ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపులో ఇప్పుడు ఇంజను దడదడమంటుంది. డ్రైవరు రెండో గేరుకు దించుతాడు. మూడుకూ రెండుకూ మధ్య తేడా నూటికి తొమ్మిది పాళ్ళు కాదు, సాధారణంగా యాభై పాళ్ళు, ఆపైన. ఇంజను ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది, బండి వేగం పడిపోతుంది. చదునులో చుక్క చుక్కగా మిగిల్చిన డీజిల్ ఘాటులో కట్ట తెగినట్టు పోతుంది. రెండో గేరుకు దించకుండా మూడులోనే గుంజేవారు డీజిల్‌తో పాటు ఇంజను ఆయుష్షునూ, క్లచ్చి ప్లేటునూ తగలేస్తున్నారు.

ఊళ్ళలో తిరిగే పాల బళ్ళకూ ఇదే వర్తిస్తుంది. పది అడుగులకు ఒక ఇంటి ముందు ఆగి, మళ్ళీ కదిలే బండికి టాపు గేరు పడేదే తక్కువ. కదిలిన ప్రతిసారీ బరువైన పెద్ద చక్రాన్ని తిప్పాలి, క్లచ్చి ఎక్కువ సేపు జార్చాలి. అటువంటి బండికి పెద్ద టైరు వేయడమంటే రోజూ చెయ్యి వదిలి ఖర్చు పెట్టడమే.

చిన్న బండి చక్రాలు చిన్నవి. 145 ఆర్ 12 టైరు కిలోమీటరుకు దాదాపు 580-590 చుట్లు తిరుగుతుంది. "పాపం, అన్ని చుట్లు తిరుగుతోంది" అని జాలిపడి పెద్దవి వేయరాదు. ఆ చిన్న ఇంజను బరువు లాగగలిగేది చిన్న చక్రం, దానికి తగ్గ గేరు ఉన్నందువల్లనే.

పికప్ బళ్ళకు పేరుపడిన అమెరికాలో ఈ సంగతిని కొనేటప్పుడే తేల్చుకుంటారు. ఫోర్డ్ ఎఫ్-150 వంటి బండికి వెనక ఇరుసు నిష్పత్తి 3.55 కావాలా, 3.73 కావాలా అని ఎంచుకునే వీలు అక్కడ ఉంది. హైవే మీద ఖాళీగా తిరిగేవారు చిన్న అంకె, వెనకాల బరువైన ట్రాలీ లాగేవారు పెద్ద అంకె తీసుకుంటారు. ఎవరి పనికి తగ్గ గేరు వారిదన్న నియమం అక్కడా ఇక్కడా ఒకటే. మన దగ్గర ఆ ఎంపిక లేదు సరే, కనీసం కొన్న బండిలో ఏ నిష్పత్తి ఉందో చెప్పేవారు కూడా లేరు.

దిగుడులో ప్రాణాలు

ఎక్కుడులో పోయేది డీజిల్. దిగుడులో పోయేవి ప్రాణాలు. పలమనేరు నుంచి టమోటాలతో చిత్తూరు మీదుగా చెన్నై పోయే బళ్ళు నిండు లోడుతో ఘాటు దిగుతాయి. చక్రం పెరిగితే బ్రేకు పట్టు తగ్గుతుంది. డ్రమ్ము అదే, లైనింగు అదే, ఆపవలసిన చక్రం మాత్రం పెద్దది. గేరులో ఉంచి ఇంజనుతో ఆపుకునే బలమూ అదే పాళ్ళలో తగ్గుతుంది. నూటికి నాలుగైనా తొమ్మిదైనా, వేడెక్కిన బ్రేకులతో మలుపు తిరిగేటప్పుడు అది చిన్న సంగతి కాదు.

దీనికి తోడు మనవాళ్ళకు మరో దురలవాటు ఉంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసి వదిలేస్తారు. ఇది ప్రమాదమే కాదు, లెక్కలోనూ తప్పు. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఇప్పటి డీజిల్ ఇంజన్లు ఆ సమయంలో డీజిల్ సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో దిగేటప్పుడూ అదే గేరు వేయాలని పాతకాలం లారీ డ్రైవర్లు చెప్పే మాట ప్రాణానికీ మంచిదే, డీజిల్‌కూ మంచిదే.

కానీ ఖర్చు లేని మిగులు

వేలు పోసి టైర్లు మార్చేవారు, ఖర్చు లేకుండా మిగిలేదాన్ని వదిలేస్తున్నారు. మొదటిది గాలి. గాలి తగ్గిన టైరు నేలకు అతుక్కుని నలుగుతూ తిరుగుతుంది, వేడెక్కుతుంది. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పౌను గాలి తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ కార్ల విషయంలో చెబుతోంది. పది పౌన్లు తగ్గితే రెండు శాతం. లోడు బళ్ళలో పది పౌన్లు తక్కువతో తిరిగేవి ఎన్ని లేవు? పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఎంత గాలి కావాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బళ్ళకు తలుపు దగ్గర అంటించిన చీటీలోనూ ఉంటుంది.

రెండోది వేగం. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు. గంటకు 60 నుంచి 80 కిలోమీటర్లకు పెంచితే వేగం పెరిగేది మూడో వంతు, గాలి అడ్డు పెరిగేది ముప్పాతిక వంతుకు పైగా. పైన టార్పాలిను రెక్కల్లా కొట్టుకుంటుంటే చెప్పనక్కరలేదు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం, అంటే పీసీఆర్ఏ, గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో నడిపితే ఇంధనం మిగులుతుందని ఏళ్ళ తరబడి చెబుతూ వస్తోంది. మండీకి ముందు చేరాలన్న తొందర ఉన్నదే. కాని పెద్ద టైరు ఇచ్చే లాభం కన్నా కాలు కాస్త ఎత్తితే వచ్చే లాభమే పెద్దది.

నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుకు 12.2 నుంచి 13 కిలోమీటర్లకు మైలేజీ పెరిగితే పన్నెండున్నర లీటర్లు మిగులుతాయి. లీటరు వంద అనుకుంటే నెలకు 1,250 రూపాయలు, ఏడాదికి 15,000. కంతు కట్టేవాడికి ఇది చిన్న మొత్తం కాదు. గాలి, వేగం, సరైన గేరు చూసుకున్నవాడికి ఈ డబ్బు పైసా పెట్టుబడి లేకుండా చేతికి వస్తుంది.

రైతుకేం సంబంధం?

"ఇదంతా బండివాళ్ళ గొడవ, మాకెందుకు?" అని రైతులు అనుకోరాదు. కిలోమీటరు లెక్కన బాడుగ మాట్లాడుకున్నప్పుడు మీటరు తప్పయితే ఎవరో ఒకరికి నష్టం. పలమనేరు నుంచి చెన్నై పోయి రావడానికి 400 కిలోమీటర్లు, బాడుగ కిలోమీటరుకు 20 రూపాయలు అనుకుందాం. 215కు కట్టిన మీటరు ఉన్న బండికి అరిగిన 195 టైర్లు ఉంటే మీటరు 413 చూపుతుంది. రైతు 260 రూపాయలు ఎక్కువ ఇచ్చుకుంటాడు. 235 టైర్లుంటే మీటరు 384 చూపుతుంది. బండివాడు 320 రూపాయలు పోగొట్టుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. అయినా మండీలో తగవు, తిట్లు, మనసు విరుపులు.

అందుచేత దూరపు బాడుగలకు మీటరును పక్కనబెట్టి, ఊరినుంచి ఊరికి తెలిసిన దూరం మీద బాడుగ కుదుర్చుకోవడం ఇద్దరికీ క్షేమం. డీజిల్ ఖర్చు పెరిగిన కొద్దీ అది చివరకు బాక్సు బాడుగలోనే కలుస్తుంది. టమోటా ధర పడిపోయిన రోజున బాక్సుకు రూపాయి కూడా రైతుకు భారమే. కాబట్టి బండివాడి టైరు రైతు సొంత సంగతి కూడా.

చట్టం మాట

సరుకు బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఏ ఇరుసుకు ఏ కొలత టైర్లు అన్నది కూడా రాస్తారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆ పత్రంలోని వివరాలకు కంపెనీ ఇచ్చిన దానికీ తేడా వచ్చేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఫిట్‌నెస్ పరీక్షలో చిక్కు వస్తుంది. అన్నిటికీ మించి, జరగరానిది జరిగినప్పుడు టైర్ల కొలత మీద బీమా వారు ప్రశ్న వేసే అవకాశం మన చేతులతో మనమే ఇచ్చినట్టవుతుంది. ఇంటి పెద్ద దిక్కు పోయిన కుటుంబం అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. మిగిల్చిన డీజిల్ ఆ రోజున అక్కరకు రాదు.

ఎవరేం చేయాలి?

నా అభిప్రాయం స్పష్టం. మన జిల్లా రోడ్ల మీద, మనం వేసే లోడుతో తిరిగే పికప్పుకు కంపెనీ ఇచ్చిన టైరు కొలతను మార్చకపోవడమే లాభం. క్రౌనును డీజిల్ కోసం మార్చడం అంతకన్నా నష్టం. పాత క్రౌను అరిగి మార్చవలసి వస్తే అవే పళ్ళ లెక్క ఉన్న క్రౌను, పినియను జతగా వేయించాలి. సెకండు హ్యాండు హౌసింగు కొనేవారు పళ్ళు లెక్కపెట్టించి గానీ డబ్బు చేతిలో పెట్టరాదు. సెకండు హ్యాండు బండి కొనేవారు రిజిస్ట్రేషన్ పత్రంలోని టైరు కొలత, బండికి ఉన్న టైరు కొలత ఒకటేనా అని ముందు చూసుకోవాలి.

బండ్లు అమ్మే షోరూముల వారు రంగు, మ్యూజిక్ సిస్టం గురించి అరగంట చెబుతారు. ఇరుసు నిష్పత్తి, తగిన టైరు కొలత, లోడు ఉన్నప్పుడూ లేనప్పుడూ ఉండవలసిన గాలి, ఈ మూడింటినీ ఒక కాగితం మీద తెలుగులో రాసి తాళాలతో పాటు ఇస్తే వారి సొమ్మేం పోదు. ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టి చదువుకోమనడం బాధ్యత అనిపించుకోదు.

రవాణా శాఖ వారు ఏటా రోడ్డు భద్రతా మాసోత్సవాలు జరుపుతున్నారు. హెల్మెట్టు, సీటు బెల్టు గురించి చెబుతున్నారు, మంచిదే. ఆ రోజుల్లోనే పలమనేరు, వి.కోట మండీల దగ్గర ఒక పూట పికప్ డ్రైవర్లను కూర్చోబెట్టి టైరు, గేరు, దిగుడు బ్రేకుల గురించి చెప్పించాలి. పాలిటెక్నిక్కుల్లో, ఐటీఐల్లో ఈ విద్య నేర్పే అధ్యాపకులు ఉన్నారు. వారిని పిలిస్తే రాకుండా ఉండరు. మండీ ఆవరణలో గాలి కొలిచే యంత్రం ఒకటి పెట్టిస్తే లోడు ఎక్కిన బండి అక్కడే సరిచూసుకుని రోడ్డెక్కుతుంది. దీనికి మార్కెట్ కమిటీ వారు చొరవ చూపాలి.

డ్రైవరు తమ్ముళ్ళు కూడా ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ట్యాంకు నింపిన తేదీ, లీటర్లు, రాళ్ళ లెక్కన తిరిగిన దూరం, లోడు ఉందా లేదా, ఈ నాలుగూ రాసుకుంటే చాలు. మూడు నెలల్లో ఎవరి బండి సంగతి వారికే తెలిసిపోతుంది. అప్పుడు పంచరు షాపు దగ్గర ఎవరేం చెప్పినా, పుస్తకం తీసి చూసుకుని జవాబు చెప్పవచ్చు.